రెండు కిలోబైట్ల ఫైలు

ఆండ్రాయిడ్ యాప్‌కు సంతకం పెట్టే రహస్య కీ దాచిన ఫైలు అది, కీస్టోర్ అంటారు. దాని పరిమాణం రెండు కిలోబైట్లకు కాస్త పైన. పొద్దున్నే బంధువుల గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మ దానికి యాభై రెట్లు ఉంటుంది. అది నా దగ్గర లేదని తెలిసింది 2023 మే నెలలో, ఒక ఆదివారం. అనంతపురంలో మే ఎండ గురించి చెప్పనక్కరలేదు. కానీ ఆ రోజు కూలర్ ముందు కూర్చున్నా నాకు చెమటలు పట్టింది ఎండకు కాదు.

మా మామయ్యకు ఇక్కడి మార్కెట్ యార్డులో చీనీ మండీ ఉంది. మిగతా ఊళ్ళలో బత్తాయి అంటారు, మాకది చీనీయే. నార్పల, గార్లదిన్నె, శింగనమల వైపు తోటల నుంచి కాయలు వస్తాయి, వేలం జరుగుతుంది, లారీలు బయలుదేరుతాయి. కాయ దిగిన దగ్గర నుంచి లారీ కదిలేదాకా నడిచేదంతా లెక్కే: కాటా బరువు, టన్ను ధర, హమాలీ, కమీషన్, సూట్. సూట్ అంటే టన్నుకు ఇన్ని కిలోలని రైతు దగ్గర అదనంగా తీసుకునే మార్కెట్ ఆనవాయితీ. రైతులకు అది ఎప్పుడూ కంటగింపే. 2018లో నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాల్లో ఈ లెక్కలన్నీ వేసే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి తయారు చేశాను. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతా తెరవడానికి ఒక్కసారి కట్టాల్సిన 25 డాలర్లు మామయ్య కట్టాడు. అందుకే ఖాతా ఆయన పేరుమీదే ఉంది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, తలనొప్పిగానూ మారుతుంది.

మామయ్య కోసం చేసిన యాప్‌ను రైతులు కూడా వాడటం మొదలుపెట్టారు. మండీలో ఇచ్చిన చీటీని ఇంటికెళ్ళి సరిచూసుకోవడానికి. 2020లో సూట్ దానంతట అదే లెక్క కట్టేలా మార్చాను, అక్కడ ఒక తప్పు చేశాను. ఒకటిన్నర టన్ను వేస్తే దాన్ని రెండు టన్నులుగా పైకి సవరించి రెండింటికీ సూట్ తీసేస్తుంది. మూడేళ్ళపాటు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. మామయ్యకు చెప్పారు. ఆయన నాకు చెప్పలేదు. చివరికి నార్పల దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన నా నంబరు సంపాదించి, "నాయనా, నీ యంత్రం కూడా దళారి పక్షమేనా?" అని అడిగాడు. అంతకంటే అవమానం నాకు ఏ ఆఫీసులోనూ జరగలేదు.

ఆదివారం కూర్చుని ఐదు నిమిషాల్లో తప్పు దిద్దాను. మారింది ఒకే వరుస. ఫోనులో ఎక్కించే ఏపీకే ఫైలు తయారు చేయమంటే, యాప్‌లు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో కీస్టోర్ ఎక్కడుందని అడిగింది. ఎక్కడుంది?

అప్పటికి రెండు నెలల ముందు నా పాత ల్యాప్‌టాప్ డిస్క్ చెడిపోయింది. పెద్దగా బాధపడలేదు, కోడ్, దాని పాత వెర్షన్లూ దాచే గిట్‌లో అంతా ఉంది కదా అని. కొత్తది కొని కోడ్ దించుకున్నాను. కానీ కీస్టోర్ మాత్రం గిట్‌లో లేదు. కీస్టోర్‌ను గిట్‌లో పెట్టకూడదని నేర్చుకున్న మొదటి వారంలోనే చదివాను, గిట్‌లోకి వెళ్ళకూడని ఫైళ్ళ జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో బుద్ధిగా దాని పేరు రాశాను. సలహా సరైనదే. మరి ఇంకెక్కడ పెట్టాలి అన్న రెండో సగం నేను చదవలేదు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. పాస్‌వర్డ్ గుర్తుంది. కీకి పెట్టిన పేరు, ఏలియాస్, గుర్తుంది. కీకి తోడుగా ఉండే సర్టిఫికెట్‌లో ఏ పేరు, ఏ ఊరు, ఏ రాష్ట్రం రాశానో గుర్తుంది. సరే, అవే వివరాలతో కొత్త కీ చేసుకుంటే పోలా అనుకున్నాను. కీలు తయారుచేసే కీటూల్‌తో చేశాను, యాప్‌కు సంతకం పెట్టాను, అప్‌లోడ్ చేశాను. తప్పుడు కీతో సంతకం చేశారంటూ, డెవలపర్లు యాప్‌లు పంపే ప్లే కన్సోల్ రెండు ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్రలు, అంటే కీని గుర్తుపట్టే అంకెల వరుసలు, పక్కపక్కన చూపించింది, ఉండాల్సినది ఒకటి, నేను పంపినది ఒకటి. ఒక్క జత అంకెలు కూడా కలవలేదు.

కలవవు. కీ తయారయ్యేది నా పేరుతోనో పాస్‌వర్డ్‌తోనో కాదు. యాదృచ్ఛికంగా ఏరుకున్న రెండు భారీ ప్రధాన సంఖ్యలతో 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ పుడుతుంది. పేరు దానికి తగిలించిన చీటీ. పాస్‌వర్డ్ అది దాగిన పెట్టెకు వేసిన తాళం. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒకే తండ్రి ఉన్న అన్నదమ్ములిద్దరి నిశానీలు ఒకటవుతాయా?

ఫోను ఈ విషయంలో ఎందుకంత మొండిగా ఉంటుందో ఆ రాత్రి తీరిగ్గా అర్థమైంది. ఫోనులో ఉన్న యాప్ మీద కొత్త వెర్షన్ ఎక్కించబోతే, రెండింటి మీదా ఒకే సర్టిఫికెట్ ఉందా అని ఆండ్రాయిడ్ చూస్తుంది. లేకపోతే తోసిపుచ్చుతుంది. అలా చూడకపోతే ఎవరైనా మన బ్యాంకు యాప్ పేరుతో ఒక దొంగ వెర్షన్ చేసి దాని స్థానంలో కూర్చోబెట్టవచ్చు. పైగా ఇది వెబ్‌సైట్ల సర్టిఫికెట్ లాంటిది కాదు. దానికైతే ధ్రువీకరించే సంస్థ ఉంటుంది, పోగొట్టుకుంటే మళ్ళీ తీసుకోవచ్చు. ఆండ్రాయిడ్ కీకి ధ్రువీకరించేవాడూ మనమే. పొలం దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఇస్తారు. దీనికి ఆ ఆఫీసే లేదు.

ఆ డిస్క్‌లోనే ఇంకో యాప్ కీ కూడా ఉండేది. డ్రిప్ సామాను అమ్మే మిత్రుడి కోసం 2022లో చేసినది, ఏ తోటకు ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో గుర్తుచేసే యాప్. ముందు దాని సంగతి చూద్దామని కన్సోల్‌లో యాప్ సంతకం పేజీ తెరిచాను. అక్కడ రెండు సర్టిఫికెట్లు కనిపించాయి. ఒకటి యాప్ సైనింగ్ కీ, రెండోది అప్‌లోడ్ కీ. చూడగానే ఊపిరి పీల్చుకున్నాను. 2021 ఆగస్టు నుంచి ప్లేలో కొత్త యాప్‌లన్నీ ఏపీకేగా కాక, గూగులే ఏపీకేలు తయారుచేసుకునే యాప్ బండిల్‌గా పంపాలి, వాటి అసలు సంతకం గూగుల్ దగ్గరున్న కీతోనే పడుతుంది. నా దగ్గర ఉండేది అప్‌లోడ్ కీ మాత్రమే, అంటే గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డు. కార్డు పోతే మార్చి ఇస్తారు.

మార్చడం కష్టం కాదు. కీటూల్‌తో కొత్త కీ జత చేసుకున్నాను, అందులోని సర్టిఫికెట్‌ను పెమ్ ఫైలుగా బయటికి తీశాను, అప్‌లోడ్ కీ రీసెట్ అభ్యర్థనలో కారణం ఎంచుకుని ఆ పెమ్ జతచేయాలి. బయటికి వెళ్ళేది సర్టిఫికెట్ మాత్రమే, సంతకం పెట్టే ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది. చిక్కల్లా ఆ అభ్యర్థన ఖాతాదారు మాత్రమే పెట్టగలడు. ఖాతాదారు మామయ్య. ఆయన వేలంలో ఉన్నాడు.

ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని యార్డుకు వెళ్ళాను. కుప్పల మధ్య నిలబడి ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పమంటే అనుమానంగా చూశాడు.

"ఏరా అల్లుడూ, నా పేరుతో ఎక్కడ సంతకం పెడుతున్నావు? అప్పు పత్రం కాదు కదా?"

"పాత తాళం పోయింది మామయ్యా, కొత్తది వేయిస్తున్నాను."

"తాళం పోగొట్టుకున్నవాడికి కొత్త తాళం ఎవరిస్తారు?" అంటూనే కోడ్ చెప్పాడు.

కొత్త కీ ఫలానా తేదీ, ఫలానా సమయం నుంచి పనిచేస్తుందని మెయిల్ వచ్చింది. రెండు రోజుల తర్వాత ఆ సమయానికి అప్‌లోడ్ చేస్తే వెళ్ళిపోయింది. యాప్ వాడుతున్నవాళ్ళకు ఏమీ తెలియలేదు, ఫోన్లలో ఉన్న సంతకం మారలేదు కాబట్టి. నాకు మాత్రం చిన్న దెబ్బ తగిలింది. నా ఫోనులో నేరుగా ఎక్కించుకున్న వెర్షన్‌లో గూగుల్ లాగిన్ ఆగిపోయింది. లాగిన్ నడిపే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో యాప్ సైనింగ్ కీ, పాత అప్‌లోడ్ కీల వేలిముద్రలే నమోదై ఉన్నాయి, కొత్తది చేర్చాక తెరుచుకుంది. లాగిన్, మ్యాపులు వాడే యాప్ ఉన్నవాళ్ళు కీ మార్చగానే అక్కడికి వెళ్ళి చూసుకోవాలి. లేకపోతే ఏ సంబంధమూ లేని చోట రెండు రోజులు తప్పు వెతుకుతారు, నేను వెతికినట్టు.

ఇక అసలు యాప్. 2018 నాటిది, ఏపీకేగా పంపినది. గూగుల్ దగ్గర కీ పెట్టే సౌకర్యం అప్పటికే ఉంది, కానీ ఐచ్ఛికం. నా కీ వాళ్ళ చేతికెందుకు ఇవ్వాలని ఆ రోజు గొప్పగా కాదనుకున్నాను. ఇప్పుడు ఆ పేజీలో రీసెట్ అన్న మాటే లేదు. ఉండదు కూడా, వాళ్ళ దగ్గర లేనిదాన్ని వాళ్ళెలా ఇస్తారు?

డిస్క్ పట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. డేటా వెలికితీసే దుకాణంలో తెరిచి చూసి, లోపలి పళ్ళేల మీద గీతలు పడ్డాయని చెప్పి తిప్పి ఇచ్చేశారు. పాత మెయిళ్ళు వెతికాను. పెన్‌డ్రైవులు వెతికాను. ఒకప్పటి గదిమిత్రుడి దగ్గర యాప్ ఏపీకే ఉందంటే ఆశపడి తెప్పించుకున్నాను. కీటూల్‌తో చూస్తే సర్టిఫికెట్ అంతా కనిపించింది, నా పేరు, అనంతపురం, చెల్లుబాటు 10000 రోజులు. ప్లేలో యాప్ కీ 2033 అక్టోబరు 22 దాటేదాకా చెల్లాలన్నది నియమం. నాది ఇంకో పన్నెండేళ్ళు ఎక్కువే చెల్లుతుంది. ఏపీకేలో ఉండేది పబ్లిక్ కీ, సంతకం మాత్రమే. ప్రైవేట్ కీ ఉండదు.

ఇంకో దారి గురించి కూడా చదివాను. ఆండ్రాయిడ్ 9తో వచ్చిన మూడో సంతకం పద్ధతిలో కీ మార్చుకునే వీలుంది. అయితే కొత్త కీ నాదేనని పాత కీ సంతకం పెట్టి అప్పగించాలి. పోయినవాడు వీలునామా రాయలేడు.

కొత్త ప్యాకేజీ పేరుతో, అంటే ఫోను యాప్‌ను గుర్తుపట్టే పేరు మార్చి, కొత్త యాప్ పెట్టడం తప్ప దారి లేదని తేలింది. ఐదేళ్ళ సమీక్షలు, రేటింగ్ పోయాయి, వాటిని ఎవరు పట్టించుకుంటారు. డేటా పోవడమే అసలు కష్టం. ఇంటర్నెట్ లేని తోటల్లో కూడా నడవాలని లెక్కలన్నీ ఫోనులోనే ఉంచేలా చేశాను. ఒక యాప్ డేటాను ఇంకో యాప్ చూడలేదు. కొత్త యాప్ నాదే అయినా ఫోను దృష్టిలో అది పరాయిది. లెక్కలు బయటికి తీసే బటన్ ఒకటి పాత యాప్‌లో పెడదామంటే, దానికీ పాత కీ కావాలి.

వారం రోజులు ఈ గోడకు తల కొట్టుకున్నాక ఏడీబీ గుర్తొచ్చింది. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఆజ్ఞలిచ్చే సాధనం అది. అందులో బ్యాకప్ ఆజ్ఞ ఉంది. యాప్ వద్దని చెప్పి ఉండకపోతే దాని డేటా మొత్తం ఒక ఫైలుగా వచ్చేస్తుంది. 2018లో నేను వద్దని చెప్పలేదు, ఎందుకంటే అలాంటి అమరిక ఒకటుందనే నాకు తెలియదు. ఆండ్రాయిడ్ 12ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లైతే ఆ వెర్షన్ ఫోన్లలో ఇలా రావు. నాది 2020లో ఆగిపోయింది కాబట్టి ఆ కట్టడి దానికి తగల్లేదు. బుద్ధిగా గిట్‌ఇగ్నోర్ రాసుకున్న చోట మునిగాను, ఏమీ తెలియక వదిలేసిన చోట తేలాను.

వచ్చే ఫైలు మొదటి 24 బైట్లు తీసేసి, మిగతాది విప్పితే ఫైళ్ళ మూట లాంటి మామూలు టార్ ఫైలు బయటపడుతుంది. అందులో లెక్కలన్నీ ఉన్న ఎస్‌క్యూలైట్ డేటాబేసు. కొత్త యాప్‌లో దాన్ని చదివే బటన్ పెట్టాను. చిన్న స్క్రిప్టు రాసుకున్నాక ఒక ఫోనుకు మూడు నాలుగు నిమిషాలు పట్టేది.

జూన్ నెలంతా మామయ్య మండీ ముందు ఒక బల్ల వేసుకుని కూర్చున్నాను. మూడు రకాల కేబుళ్ళు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, పక్కన ఉగ్గాని బజ్జి పొట్లం. కాయలు దించి వేలం కోసం ఎదురుచూసే రైతులు ఒక్కొక్కరే వచ్చేవారు. డెవలపర్ ఎంపికలు తెరుచుకోవాలంటే సెట్టింగులలో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కాలి. ఒకాయన ఏడుసార్లూ లెక్కపెట్టి నొక్కి, "ఏడుకొండలవాడికి మొక్కినట్టుంది" అన్నాడు. తర్వాత తెర మీద బ్యాకప్‌కు అనుమతి అడుగుతుంది, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి ఒప్పుకోవాలి. చాలామంది అక్కడ బ్యాంకు పిన్ వేయబోయేవారు. గట్టిగా వద్దని ఆపేవాణ్ణి. రెండో రోజే ఒకతను కోపంగా తిరిగివచ్చాడు, డబ్బులు పంపే యాప్ తెరుచుకోవడం లేదని. డెవలపర్ ఎంపికలు తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. పని కాగానే దాన్ని మూసేశాకే ఫోను ఇవ్వాలని అప్పుడు నేర్చుకున్నాను.

అలా అరవై పైచిలుకు ఫోన్లలోని లెక్కలు కొత్త యాప్‌లోకి మార్చాను. మిగతావాళ్ళు కొత్త యాప్‌లో కొత్తగా మొదలుపెట్టారు, కొందరు కాగితానికి తిరిగి వెళ్ళిపోయారు. పాత యాప్ కోడ్‌ను మార్చలేకపోయినా ప్లేలో దాని వివరణ మార్చడానికి కీ అక్కరలేదు. అందులో మొదటి వరుసలోనే కొత్తదాని సంగతి రాసి, కొంతకాలానికి ప్రచురణ నిలిపేశాను. నిలిపేస్తే కొత్తవాళ్ళకు కనిపించదు, ఉన్నవాళ్ళ ఫోన్లలో మాత్రం ఉంటుంది.

కొత్త యాప్‌కు అసలు కీ గూగుల్ దగ్గరే ఉంది. మనది మన దగ్గర లేకపోవడమేమిటని మిత్రులు వాదిస్తారు. సూత్రంగా వాళ్ళ మాట నిజమే. రెండు కిలోబైట్లను ఐదేళ్ళు కాపాడలేకపోయినవాడిగా నేను వాదించే స్థితిలో లేను. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మామయ్యకు ముందుగా చూపించాలని అప్‌లోడ్ కీతో చేసిన ఏపీకేను వాట్సాప్‌లో పంపాను. తర్వాత ప్లే నుంచి వచ్చిన వెర్షన్ ఆయన ఫోనులో ఎక్కనంది, సంతకాలు వేరు కదా. ఇప్పుడు ఎవరికైనా నేరుగా ఇవ్వాలంటే కన్సోల్‌లోని బండిల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి గూగుల్ సంతకంతో ఉన్న ఏపీకేను దించుకుని అదే ఇస్తాను.

అప్‌లోడ్ కీకి మూడు నకళ్ళు. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి కడపలో మా అక్క ఇంట్లో పెన్‌డ్రైవులో, ఒకటి అమ్మ ఇనుప బీరువాలో పట్టాదారు పాసు పుస్తకం పక్కన. పాస్‌వర్డ్ మాత్రం వాటితో కలిపి ఉంచను. గిట్‌లో ఉన్న బిల్డ్ ఫైలులో కాకుండా బయటి ఫైలు నుంచి చదివించుకుంటాను. కన్సోల్ ఖాతాలో నాకు కూడా అనుమతులు ఇప్పించుకున్నాను, అయినా రీసెట్ లాంటివి మామయ్య చేయాల్సిందే. ప్రతి ఉగాదికి అమ్మ దగ్గర పెన్‌డ్రైవు తీసుకుని, కీటూల్‌తో తెరిచి, వేలిముద్ర కన్సోల్‌లో ఉన్నదానితో సరిపోతుందో లేదో చూస్తాను. తెరిచి చూడని నకలు ఉన్నట్టా లేనట్టా అన్నది ఆ రోజుదాకా తెలియదు. అమ్మ దాన్ని పంచాంగ శ్రవణంలో భాగమనుకుంటోంది.

నార్పల పెద్దాయన మాత్రం కొత్త యాప్ పెట్టించుకోలేదు. కేబుల్ పట్టుకుని ఇంటికే వెళ్ళాను, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ఫోను మాత్రం ఇవ్వలేదు. పాతదాంట్లో మా అబ్బాయి పేరు ఎక్కడుంటుందో నాకు తెలుసు, కొత్తదాంట్లో వెతుక్కోలేను అన్నాడు. ఆయన ఫోనులో ఇప్పటికీ ఆ పాత యాప్ నడుస్తోంది, ఒకటిన్నర టన్నుకు రెండు టన్నుల సూట్ తీసేస్తూ. ఆయన ఆ అంకెను కొట్టిపారేసి, జేబులోని చిన్న డైరీలో పెన్సిల్‌తో సరైనది రాసుకుంటాడు. పోయినసారి మండీలో కనిపించినప్పుడు ఆ పేజీ తెరిచి నాకు చూపించాడు కూడా.